చలికాలానికి ముందు ఇంటి పనులు: దేనికి ముందు చేయి వేయాలి, దేన్ని వదిలేయొచ్చు?

నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉండే ఈ ఊళ్ళో, మా ఇంట్లో మొదటి చలికాలం ఏ గొడవా లేకుండా గడిచిపోయిందనే అనుకున్నాం. వసంతం వచ్చాక ఒక ఆదివారం మొక్కలకి నీళ్ళు పెడదామని బయటి కుళాయి తిప్పాను. నీళ్ళు మామూలుగానే వచ్చాయి. పది నిమిషాల తరవాత లోపలి నుంచి కేక వినపడింది. బేస్‌మెంట్ గోడ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఆకులు రాలే రోజుల్లో ఆ కుళాయికి తగిలించిన హోస్ పైపు విప్పడం మరిచిపోయాను. నీరు బయటికి జారే దారిలేక గొట్టంలోనే గడ్డకట్టి, గోడ లోపల దాన్ని చీల్చింది. కుళాయి కట్టేసి ఉన్నన్నాళ్ళూ ఆ చీలిక సంగతి ఎవరికీ తెలియలేదు.

హోస్ విప్పడం అర నిమిషం పని. అది మరిచిపోయిన నేను ఆ సీజన్‌లో మూడు శనివారాలు ఏం చేశానంటే, కొత్త కిటికీల కోసం షోరూముల చుట్టూ తిరిగాను.

ఈ తప్పు నేనొక్కడినే చేయలేదని తరవాత తెలిసింది. చలి అనగానే ఎవరి చూపైనా కిటికీ మీదికో హీటర్ మీదికో పోతుంది. ఇంటిని నిజంగా పాడుచేసేది మాత్రం కంటికి కనపడని చోట నిలిచిన నీరు, పైన అటకలో ఉన్న కంతలు. ఆకురాలు కాలం చిన్నది. ఆకులు రాలడం మొదలయ్యాక చలి ముదిరేలోగా చేతికి దొరికేవి నాలుగైదు వారాంతాలు. అందులో ఒకటి వానకి పోతుంది, ఒకటి చుట్టాలకి. మిగిలిన వాటిలో ఏ పని చేయాలో తేల్చుకోవడానికే ఈ పోలిక.

## ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

ఏ పనినైనా నాలుగు ప్రశ్నల మీద తూచి చూస్తాను.

మొదటిది, చేయకపోతే ఏమవుతుంది? కరెంటు, గ్యాస్ బిల్లు కాస్త పెరుగుతుందా, ఇల్లు పాడవుతుందా, మనుషుల ప్రాణం మీదికే వస్తుందా? ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు.

రెండోది గడువు. కొన్ని పనులు చలి ముదిరాక చేయాలన్నా కుదరవు. కంతలు మూయడానికి పూసే, ఆరకముందు నీటితో కడిగితే పోయే యాక్రిలిక్ సీలెంట్లు సుమారు 5 డిగ్రీల కంటే చల్లటి వాతావరణంలో సరిగా పట్టవు. చూరు వెంట వాన నీళ్ళు పట్టే గట్టర్లో తడి ఆకులు గడ్డకట్టాక వాటిని పెకలించడం ఎవరివల్లా కాదు. కర్టెన్లు మార్చడం, కిటికీలకి లోపలినుంచి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించడం లాంటివి నడిచలికాలంలో కూడా చేసుకోవచ్చు.

మూడోది, మన చేతుల్లో అవుతుందా? నిచ్చెన, గ్యాస్, కరెంటు, ఈ మూడింట్లో ఏదైనా ఉంటే లెక్క మారుతుంది.

నాలుగోది, ఆ ఇంట్లో ఎన్నాళ్ళుంటారు? రెండేళ్ళలో ఖాళీ చేసే ఇంటికి, పాతికేళ్ళు ఉండబోయే ఇంటికి ఒకే సలహా పనికిరాదు.

హాయిగా ఉండటం, అందం లాంటివి ఈ జాబితాలో లేవేమని అడగొచ్చు. ఉన్నాయి, కానీ చివర్లో.

| పని | చేయకపోతే | గడువు | సొంతంగా అవుతుందా |
|---|---|---|---|
| బయటి కుళాయి, హోస్ పైపు | పైపు పగిలి గోడ తడుస్తుంది | మొదటి గడ్డకట్టే రాత్రిలోపు | ఎవరైనా చేయొచ్చు |
| హీటర్ సర్వీసు, కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) అలారం | ప్రాణాపాయం | హీటర్ వాడకం మొదలయ్యేలోపు | ఫిల్టర్, అలారం మనమే. మిగతాది మెకానిక్ |
| చిమ్నీ శుభ్రం | లోపల నిప్పు అంటుకోవచ్చు | మొదటి మంట వేసేలోపు | పనివాళ్ళతోనే మంచిది |
| గట్టర్లు | పునాది, చూరు తడుస్తాయి | ఆకులు రాలాక, గడ్డకట్టేలోపు | నిచ్చెన ఎత్తును బట్టి |
| గాలి కంతలు మూయడం | వేడి పోతుంది, కప్పు మీద గడ్డలు కడతాయి | బయటివైపు పని వెచ్చటి రోజుల్లో. లోపలిది ఎప్పుడైనా | చాలావరకు అవుతుంది |
| అటకలో ఇన్సులేషన్ (వేడి పోకుండా పరిచే గాజు ఉన్ని) | బిల్లు పెరుగుతుంది | కంతలు మూశాక ఎప్పుడైనా | కొంతవరకు |
| కొత్త కిటికీలు | కిటికీ పక్కన చలిగా ఉంటుంది | తొందరేమీ లేదు | కాదు |

చివరి వరసలో ఉన్నదాని కోసమే నేను మూడు శనివారాలు పెట్టాను.

## నీళ్ళ పైపులు: తొడుగా, వేడి తీగా, ఖాళీ చేయడమా?

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గడ్డ ఉన్నచోటే పైపు పగులుతుందని చాలామంది అనుకుంటారు. అసలు జరిగేది వేరు. గడ్డ పెరిగేకొద్దీ దానికీ కట్టేసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పెరుగుతూ పోతుంది. పైపు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విచ్చుకుంటుంది, ఒక్కోసారి గడ్డకి చాలా దూరంలో. రాత్రి బాగా చలి పడుతుందంటే కుళాయిని సన్నగా కారనివ్వమనేది ఇందుకే. ఆ నీరు పారడం కంటే, ఒత్తిడి బయటపడటానికి దారి దొరకడమే ముఖ్యం.

బయటి గోడలు, కారు షెడ్డు, అటక, ఇంటి కింద గాలి ఆడే ఖాళీ చోటు, ఇలాంటి వేడి అందని చోట్ల నడిచే పైపులే ప్రమాదం. వాటికి మూడు దారులున్నాయి.

ఫోమ్ తొడుగులు. కత్తిరించి, పైపు చుట్టూ మూసి, అతుకుల దగ్గర టేపు వేయాలి. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. కానీ దీని హద్దు తెలుసుకోవాలి. తొడుగు వేడిని పుట్టించదు, ఉన్న వేడి పోవడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. రాత్రి చలిగా ఉండి పగలు కాస్త కోలుకునే చోట అది సరిపోతుంది. రోజుల తరబడి సున్నాకి కింద ఉండే చోట, నీళ్ళు కదలకుండా నిలిచిన పైపుకి తొడుగు వేసినా ఎప్పుడో ఒకప్పుడు గడ్డకడుతుంది.

వేడి తీగ. పైపు వెంట వేసే కరెంటు తీగ. చలిని బట్టి తనంతట తానే వేడిని తగ్గించి పెంచుకునే రకం, ఎప్పుడూ ఒకే వేడినిచ్చే రకం అని రెండున్నాయి. డబ్బు కాస్త ఎక్కువైనా మొదటిదే తీసుకోండి. రెండో రకం తీగ తన మీద తానే పడేలా చుడితే అక్కడ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇక పెద్ద చిక్కు ఏమిటంటే, మంచు తుఫానుకి కరెంటు పోయే రాత్రే దీని అవసరం ఎక్కువ. అందుకే తీగ వేసినా, తయారీదారు ఒప్పుకుంటే దానిమీద తొడుగు కూడా ఉండాలి.

ఖాళీ చేయడం. వారాల తరబడి ఊళ్ళో ఉండని వాళ్ళకి ఇదే నికరమైన దారి. మొదట నీళ్ళు వేడిచేసే హీటర్‌కి కరెంటు లేదా గ్యాస్ ఆపాలి. నీళ్ళు లేకుండా వెలిగితే కరెంటు హీటర్లో కాయిల్ కాలిపోతుంది. ఆ తరవాత మెయిన్ వాల్వు కట్టి, అన్నిటికంటే పైన ఉన్న కుళాయి, అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి, ఫ్లష్ ట్యాంకులు, హీటర్ ట్యాంకు ఖాళీ చేయాలి. సింకుల కింద వంపు గొట్టాల్లో నీరు నిలుస్తుంది. అందులో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్న యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పోయాలి. కారు రేడియేటర్‌కి వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఇంటి గొట్టాల దగ్గరికి రానివ్వొద్దు. వేడినీళ్ళు గొట్టాల్లో తిరిగి ఇంటిని వెచ్చబరిచే ఏర్పాటు ఉంటే మాత్రం ఇవన్నీ సొంతంగా చేయకండి, ఆ పని తెలిసినవాళ్ళని పిలవండి.

నాలుగైదు రోజుల ప్రయాణమైతే ఇంత తతంగం అక్కర్లేదు. ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ 13 డిగ్రీల కంటే తగ్గించకుండా ఉంచి, మెయిన్ వాల్వు కట్టేసి వెళ్ళండి. పైపు పగిలినా లోపల మిగిలిన నీళ్ళే కారతాయి, వీధి గొట్టంలోని నీళ్ళన్నీ ఇంట్లోకి రావు. ఇల్లు వెచ్చబడేది వేడినీళ్ళ బాయిలర్‌తో అయితే, వాల్వు కట్టే ముందు మెకానిక్‌ని ఒక మాట అడగండి.

మళ్ళీ నా కుళాయి దగ్గరికి వస్తే, అది గడ్డకట్టని కుళాయి అని అమ్మేదే. ఆ మాట అబద్ధం కాదు. అలాంటి వాటిలో అసలు వాల్వు 20 నుంచి 30 సెంటీమీటర్లు లోపల, గోడకి ఇవతల వెచ్చటి చోట ఉంటుంది. కట్టగానే మిగిలిన నీరు బయటికి జారిపోతుంది. హోస్ తగిలించి ఉంటే జారడానికి దారి ఉండదు. మంచి కుళాయి కొన్నామన్న ధీమాతోనే హోస్ సంగతి పట్టించుకోలేదు.

## హీటర్, పొగ, అలారం

ఇందులో పోల్చి చూడటానికేమీ లేదు, చేయాల్సిందే. మంట మండించే ఏ హీటర్‌కైనా ఏడాదికోసారి సర్వీసు చేయించండి. చలి మొదలయ్యాక మెకానిక్కులు దొరకరు, అందుకే వాతావరణం ఇంకా హాయిగా ఉన్న ఒక సాయంత్రం హీటర్ ఒకసారి వేసి చూడండి. మొదటిసారి కాస్త దుమ్ము కాలిన వాసన రావడం మామూలే. కాసేపటికి పోవాలి. పోకపోయినా, మసి కనపడినా, మంట నీలంగా కాకుండా పసుపుగా ఊగుతున్నా ఆపేసి ఫోన్ చేయండి.

కార్బన్ మోనాక్సైడ్ సరిగా మండని మంట నుంచి వచ్చే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం వస్తే జలుబు చేసిందనుకుని పడుకుంటారు, అదే ప్రమాదం. ప్రతి అంతస్తులో ఒకటి, పడక గదుల దగ్గర ఒకటి చొప్పున అలారాలు ఉండాలి. బ్యాటరీ మారిస్తే చాలనుకోవద్దు. లోపలి సెన్సర్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది, మోడల్‌ని బట్టి 5 నుంచి 10 ఏళ్ళు. వెనకవైపు తేదీ అచ్చువేసి ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి. మా దాంట్లో ఆ తేదీ దాటి రెండేళ్ళయింది.

కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళకి చిమ్నీ సంగతి. పచ్చి కట్టె కాల్చినా, మంటని మరీ తగ్గించి మాడనిచ్చినా పొగ చల్లబడి గోడలకి తారులా అంటుకుంటుంది. క్రియోసోట్ అంటారు. అది తేలిగ్గా నిప్పంటుకునే సరుకు. ఆ పొర 3 మిల్లీమీటర్లయితే ఇక ఆగకుండా శుభ్రం చేయించాలి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరు లేకపోతే రెండు దుంగలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

హీట్ పంప్, అంటే బయటి గాలిలోంచి వేడి లాగి ఇంట్లోకి తెచ్చే యంత్రం, ఉన్నవాళ్ళు బయటి యూనిట్ చుట్టూ ఆకులు తీసేసి, ఫిల్టర్ మారిస్తే చాలావరకు పనైపోయినట్టే. చలిలో అప్పుడప్పుడు దాని నుంచి ఆవిరి లేస్తే కంగారు పడొద్దు, కట్టిన మంచుని అదే కరిగించుకుంటోంది.

## గట్టర్లు: శుభ్రం చేయాలా, జాలీ వేయించాలా?

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఈ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే 2,500 లీటర్లు. గట్టర్ పూడిపోతే అదంతా గోడ మొదట్లో, పునాది పక్కనే పడుతుంది. శుభ్రం చేయడం ఎంత ముఖ్యమో, కిందికి దిగే గొట్టం నీళ్ళని గోడకి సుమారు 2 మీటర్ల దూరంలో వదలడం అంతే ముఖ్యం. రెండోదానికి నిచ్చెన కూడా అక్కర్లేదు, ఒక పొడిగింపు గొట్టం తగిలిస్తే సరి.

జాలీలు అమ్మేవాళ్ళు ఇక జన్మలో గట్టర్ ముట్టుకోనక్కర్లేదంటారు. వెడల్పాటి ఆకులని అవి ఆపుతాయి, నిజమే. సూదుల్లాంటి ఆకులు రాల్చే చెట్లు పక్కన ఉంటే ఆ సూదులు జాలీలోంచి దూరి కింద అట్ట కడతాయి. అప్పుడు జాలీ విప్పి మరీ కడగాలి, పని రెట్టింపు. ఇంటి చుట్టూ పెద్ద ఆకుల చెట్లుండి, కప్పు రెండంతస్తుల ఎత్తులో ఉంటే జాలీ పెట్టుబడికి అర్థముంది. ఒక అంతస్తు ఇల్లు, నాలుగు చెట్లే ఉంటే ఏడాదికి రెండుసార్లు చేత్తో తీసేయడమే నయం. ఒకటి సగం ఆకులు రాలినప్పుడు, ఇంకొకటి అన్నీ రాలాక.

నిచ్చెన వేసేటప్పుడు ఒక కొలత గుర్తుంచుకోండి. అది గోడని తాకే చోటు 4 మీటర్ల ఎత్తులో ఉంటే, దాని పాదాలు గోడకి 1 మీటరు దూరంలో ఉండాలి. కింద ఒక మనిషి ఉండాలి. నేలమీద ఆకులు తడిగా ఉంటే ఆ రోజు ఎక్కొద్దు. కళ్ళు తిరిగేవాళ్ళు, మోకాళ్ళు సహకరించని వాళ్ళు మొహమాటపడకుండా మనిషిని పెట్టుకోండి. ఇక్కడ మిగుల్చుకునే డబ్బు ఆస్పత్రి ఖర్చుకి చాలదు.

## అసలు తగువు: కంతలా, ఇన్సులేషనా, కిటికీలా?

డబ్బు పరిమితంగా ఉండి, ఇల్లు మాత్రం వెచ్చగా ఉండాలనుకునే వాళ్ళు ఆగిపోయేది ఇక్కడే. నా మాట సూటిగా చెప్తాను: ముందు కంతలు, తరవాత అటక, చివరికి కిటికీలు. ఎందుకో అంకెల్లో చూద్దాం.

లోపల 20 డిగ్రీలు, బయట సున్నాకి కింద 10 అనుకుందాం. తేడా 30 డిగ్రీలు. ఒక చదరపు మీటరు మీదుగా పోయే వేడి సుమారుగా ఇలా ఉంటుంది:

| దేనిగుండా | పోయే వేడి (వాట్లు) |
|---|---|
| ఒంటి అద్దం కిటికీ | 170 |
| మామూలు రెండు అద్దాల కిటికీ | 85 |
| వేడిని ఆపే పూత వేసి, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపిన రెండు అద్దాలు | 35–40 |
| 10 సెంటీమీటర్ల ఉన్ని ఉన్న అటక | 12 |
| 20 సెంటీమీటర్ల ఉన్ని | 6 |
| 30 సెంటీమీటర్ల ఉన్ని | 4 |

ఇది చూసి చాలామంది, "కిటికీల్లోంచే కదా పోతోంది, అవే మార్చాలి" అంటారు. ఒంటి అద్దాలున్న ఇంటికి ఆ మాటలో నిజముంది. ఇప్పటికే రెండు అద్దాలున్న ఇంట్లో మాత్రం లెక్క వేరు. కిటికీలన్నీ కలిపి పదిహేను చదరపు మీటర్లుంటే, పాతవి తీసి మంచివి వేసినా ఆదా అయ్యేది ఏడెనిమిది వందల వాట్లు. అది తక్కువ కాదు, కానీ పెట్టిన డబ్బు తిరిగిరావడానికి ఏళ్ళు పడుతుంది. అదే అటకలో ఉన్ని అసలు లేకపోయినా, అక్కడక్కడా చెదిరి ఉన్నా, ఆ డబ్బులో చిన్న ముక్కతో అంతకంటే ఎక్కువే మిగులుతుంది. మరో సంగతి, 10 నుంచి 20 సెంటీమీటర్లకి పెంచితే 6 వాట్లు మిగులుతాయి, 20 నుంచి 30కి పెంచితే 2. అటకలో ఇప్పటికే 30 ఉంటే అమ్మేవాడు ఏం చెప్పినా ఇంకో పొర అక్కర్లేదు.

ఈ పట్టికలో లేనిది గాలి. వెచ్చటి గాలి పైకి లేచి అటక కంతల్లోంచి బయటికి పోతుంది. పోయినంత చల్లటి గాలి కింది నుంచి, బేస్‌మెంట్ అంచుల నుంచి, తలుపు కింది నుంచి లోపలికి వస్తుంది. చలి తగిలేది కాళ్ళకి, కంత ఉండేది నెత్తిమీద. అందుకే మనం తలుపు దగ్గర గుడ్డ కుక్కుతూ ఉంటాం, చలి మాత్రం తగ్గదు. గాజు ఉన్ని గాలిని ఆపదు, గాలి అందులోంచి దూరిపోతుంది. కంతలు మూయకుండా ఉన్ని పరవడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

కంతలు పట్టుకోవడానికి అగరుబత్తి చాలు. బాగా గాలి వీచే చల్లటి రోజున వంటింట్లో, స్నానాలగదిలో గాలిని బయటికి తోసే ఫ్యాన్లు వేసి, గ్యాస్ హీటర్ ఆపి, వెలిగించిన అగరుబత్తి పట్టుకుని నెమ్మదిగా తిరగండి. అటక తలుపు అంచు, పైకప్పులో దీపాలు దిగిన చోట్లు, సింకు కింద గొట్టం గోడలోకి దూరే చోటు, కరెంటు ప్లగ్గులు చూడండి. పొగ ఒక్కసారిగా అడ్డంగా కొట్టుకుపోతే అక్కడ కంత ఉంది. కిటికీ దగ్గర మాత్రం ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. పొగ అడ్డంగా పోకుండా, అద్దం వెంట నిదానంగా కిందికి జారుతోందంటే అది కంత కాదు. చల్లటి అద్దానికి తగిలి గది గాలే బరువెక్కి దిగుతోంది. అలాంటి కిటికీకి ఎంత సీలెంట్ పూసినా లాభం లేదు, దానికి కావాల్సింది ఇంకో గాలి పొర. ఈ తేడా తెలియక నేను రెండు ట్యూబులు తగలేశాను.

మూయడానికి ఏది వాడాలంటే, కదలని చోట సీలెంట్, కదిలే తలుపులు, కిటికీ రెక్కలకి రబ్బరు పట్టీ, వేలు దూరేంత కంతకి ఉబ్బే ఫోమ్. చిమ్నీ చుట్టూ, హీటర్ పొగగొట్టం చుట్టూ మాత్రం మామూలు ఫోమ్ వాడకూడదు. అక్కడ రేకు, వేడి తట్టుకునే సీలెంట్ కావాలి. పాత అటకలో గింజల్లా, మెరుస్తూ ఉండే సరుకు పరిచి ఉంటే ముట్టుకోవద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది, ముందు పరీక్ష చేయించాలి.

ఇల్లు బిగించేకొద్దీ ఒక కొత్త సమస్య వస్తుంది. లోపలి తేమ బయటికి పోదు. అద్దాల మీద చెమట, మూలల్లో బూజు మొదలవుతాయి. తేమ 30–50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి, బాగా చలి రోజుల్లో కింది అంకెకి దగ్గరగా ఉంటే మంచిది. ఇంటి గాలిని పీల్చుకుని మండే హీటర్ ఉంటే, కంతలన్నీ మూశాక పొగ సరిగా బయటికి పోతోందో లేదో మెకానిక్ చేత చూపించండి. పోకపోతే ఆ పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది.

### కిటికీలు మార్చలేని వాళ్ళకి

మధ్య దారులు చాలానే ఉన్నాయి. ప్లాస్టిక్ ఫిల్మ్‌ని చట్రానికి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ముడతలన్నీ పోయి బిగుసుకుంటుంది. ఒంటి అద్దం ఉన్నచోట తేడా వెంటనే తెలుస్తుంది. చలికాలమంతా ఆ కిటికీ తెరవలేం, వసంతంలో పీకేయాలి, ఒక్కోసారి టేపుతో పాటు రంగు కూడా ఊడొస్తుంది. బయటికి తప్పించుకోవడానికి ఉన్న కిటికీని ఇలా మూయకండి.

మందపాటి కర్టెన్లు రాత్రి హాయినిస్తాయి. పక్కల, కింద తెరిచి ఉంటే చల్లటి గాలి వాటి వెనక నుంచి దిగి గదిలోకే వస్తుంది. హీటర్ కిటికీ కిందే ఉంటే దాని మీదుగా కర్టెన్ వేలాడదీస్తే వేడంతా కర్టెన్‌కీ అద్దానికీ మధ్యే ఉండిపోతుంది.

స్టార్మ్ విండో, అంటే పాత కిటికీకి ఇంకో కిటికీ తగిలించడం. పాత చెక్క కిటికీలు బాగానే ఉండి, ఒంటి అద్దం ఒక్కటే లోపమైతే నేను దీనివైపే మొగ్గుతాను. ఖర్చు కొత్త కిటికీ కంటే తక్కువ, ఇంటి రూపం మారదు. చట్రాలు పుచ్చిపోయినా, నీళ్ళు లోపలికి కారుతున్నా, అప్పుడు కొత్త కిటికీలు కొనండి. చలి కోసం కాకుండా కిటికీ చెడిపోయిందని కొనడం సరైన కారణం.

## కప్పు అంచున మంచుగడ్డలు

చూరుకి వేలాడే గడ్డలు చూడటానికి బాగుంటాయి. అవి ఇంటి లోపలి వేడి కప్పుకి తగులుతోందనడానికి గుర్తు కూడా కావచ్చు. పైన మంచు కరిగి కిందికి జారుతుంది, వేడి లేని చూరు దగ్గర మళ్ళీ గడ్డకడుతుంది. దాని వెనక నిలిచిన నీరు పెంకుల కిందికి ఎగబాకి గదుల్లోకి దిగుతుంది.

చూరు వెంట వేడి తీగ వేయించడం ఒక దారి. అది గడ్డలో నీటికి కాలువ చేస్తుందే గాని కారణాన్ని ముట్టుకోదు, ప్రతి చలికాలం కరెంటు తాగుతుంది. పొడుగు కర్ర ఉన్న గొర్రుతో నేలమీద నిలబడి మంచు లాగేయడం ఇంకొకటి. ప్రతి మంచుకీ చేయాలి, ఓపికుంటే బాగా పనిచేస్తుంది. మూడోది పైన చెప్పిన అటక పనే: కంతలు మూసి, ఉన్ని పరిచి, చూరు దగ్గరి గాలి రంధ్రాలకి ఉన్ని అడ్డుపడకుండా చూడటం. కప్పు ఆకారం సంక్లిష్టంగా ఉండి అటకలోకి మనిషి దూరలేని ఇంటికే తీగ సిఫారసు చేస్తాను. గొడ్డలితో గడ్డలు పగలగొట్టడం మాత్రం ఎవరికీ చెప్పను, పెంకులు కూడా పగులుతాయి.

## మీరు ఎవరైతే ఏది

అద్దెకి ఉంటే: విప్పితే పోయేవే ఎంచుకోండి. ఫిల్మ్, తలుపు కింద పట్టీ, కర్టెన్లు, సొంత కార్బన్ మోనాక్సైడ్ అలారం. హీటర్ సర్వీసు, గట్టర్లు ఇంటివాళ్ళ బాధ్యతో మీదో ఒప్పందంలో చూసి, వాళ్ళదైతే చలి రాకముందే రాతపూర్వకంగా అడగండి.

పాత ఇల్లు కొత్తగా కొన్నవాళ్ళు: మొదటి ఏడాది పెద్ద ఖర్చేదీ పెట్టకండి. నీళ్ళు, పొగ, గట్టర్లు చూసుకుని, ఒక చలికాలం ఇంటిని గమనించండి. కప్పు మీద మంచు ఎక్కడ ముందు కరుగుతుందో ఫోటో తీసి ఉంచుకుంటే, అటకలో కంత ఎక్కడుందో అదే చెప్తుంది.

కొత్తగా కట్టిన ఇల్లు: మీకు పని తక్కువ. హోస్, ఫిల్టర్, గట్టర్లు. గాలి మార్చే యంత్రం ఉంటే దాని ఫిల్టర్ కూడా. పక్క గోడలోంచి బయటికొచ్చే హీటర్ పొగగొట్టానికి మంచు అడ్డుపడకుండా చూసుకోండి, ఇది చాలామంది మరిచిపోతారు.

తరచూ ఊళ్ళు తిరిగేవాళ్ళు: మిగతావన్నీ పక్కన పెట్టి పైపుల సంగతి తేల్చండి. నీళ్ళు కారితే ఫోన్‌కి కబురు పంపే సెన్సర్ ఒకటి బేస్‌మెంట్లో పెట్టుకోండి, తాళంచెవి నమ్మకస్తులైన పొరుగువాళ్ళ దగ్గర ఉంచండి.

పెద్దవాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు: నిచ్చెన పనులకి మనిషిని పెట్టి, ఆ రోజే బయటి కుళాయిలు, హోస్, గొట్టం పొడిగింపు కూడా అతని చేతే చేయించుకోండి. విడివిడిగా పిలిస్తే ప్రతిసారీ రాకపోకల ఖర్చు కలుస్తుంది.

ఒక్క వారాంతమే మిగిలిందా? శనివారం పొద్దున హోస్ విప్పి కుళాయి ఖాళీ చేయండి, అలారం తేదీ చూడండి, హీటర్ ఫిల్టర్ మార్చండి. మధ్యాహ్నం గట్టర్లు. ఆదివారం అగరుబత్తి పట్టుకుని అటక తలుపు దగ్గర మొదలుపెట్టండి. మధ్యలో ఇంట్లో అందరినీ మెయిన్ వాల్వు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్కొక్కరి చేతా ఒకసారి కట్టించి తెరిపించండి. మా ఇంట్లో గోడ వెంట నీళ్ళు కారిన రోజు, వాల్వు ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. పాత పెయింటు డబ్బాల వెనక ఉంది. ఇప్పుడు దానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంచాం, డబ్బాలు వేరే చోటికి మార్చాం.